వాగు పాటకు బాణీ

"మళ్లీ పాడు చాందీ. మొదట్నుంచి పాడు," అన్నాడు జైరాం సార్, హార్మోనియం మీద వేళ్లు పెట్టి.

ఆరో తరగతి గదిలో ఇరవై మంది అమ్మాయిలు చాంది వైపు తిరిగారు. చాంది గొంతు సవరించుకుంది.

"వాగు వచ్చింది, బస్సు ఆగింది
అవతలొడ్డున అమ్మ చెయ్యూపింది
చెప్పులు చేతిల పట్టుకోని చూస్తున్నం..."

అక్కడ పాట ఠక్కున ఆగింది. ఒక్క క్షణం గదిలో చప్పుడు లేదు. తర్వాత మెల్లగా మళ్లీ మొదలైంది.

"ఎప్పుడు తగ్గుతవే వాగూ అని అడుగుతున్నం."

సార్ ముఖం వెలిగింది. "బస్సు ఆగినట్టే పాట కూడా ఆగింది. చాలా బాగుంది. ఈ ఆగుడు ఎవరికి తోచిందమ్మా?"

చాంది కిటికీ పక్క బెంచీ వైపు చూసింది. అక్కడ ఆమె స్నేహితురాలు బాలి కూర్చుని ఉంది.

"నాకే సార్," అంది చాంది.

బాలి నోటుబుక్కు మూసి, అట్ట మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

అది రెండు వేల ఆరో సంవత్సరం. టేకులపల్లి దగ్గరున్న ఆ ఆడపిల్లల హాస్టల్ బడిలో ఐదు రోజుల పాటల వర్క్‌షాప్ జరుగుతోంది. జైరాం సార్ ఖమ్మంలో క్యాసెట్లకు పాటలు రాస్తాడు. పల్లవి ఎలా రాయాలో, బాణీ ఎలా కట్టాలో, స్టూడియోలో ఎవరు ఏ పని చేస్తారో రోజుకొకటి చెబుతున్నాడు. పిల్లలు రాసిన పాటల్లో ఆరు ఎంచి, శనివారం ఖమ్మం తీసుకుపోయి రికార్డు చేస్తానన్నాడు. జీపులో చోటు తక్కువ. పాటకు ఒక్కరే రావాలి.

చాంది మాటలు ఒక్క గంటలో రాసేసింది. వాళ్లిద్దరి తండాకూ బడికీ మధ్య వాగుంది. వానాకాలంలో అది పొంగితే బస్సు ఆగిపోతుంది. ఆ సంగతి రాయడానికి ఆమె తడుముకోలేదు. బాణీయే కుదరలేదు. ఎలా పాడినా మూడో లైను జారిపోయేది.

సోమవారం సాయంత్రం నల్లా దగ్గర ఇద్దరూ కంచాలు కడుగుతుంటే బాలి తనలో తాను ఆ లైనును కూనిరాగం తీసింది.

"చూస్తున్నం కాడ కిందికి దిగకు. ఆగు," అంది. "వాగు కాడ మనం ఆగుతం కదా. పాట గూడ ఆడ ఆగాలె."

చాంది అలాగే పాడి చూసింది. ఈసారి లైను జారలేదు. పల్లవి దగ్గర్నుంచి బాణీ మొత్తం బాలియే కట్టింది. కానీ నలుగురి ముందు పాడమంటే బాలి నోరు విప్పదు. పాడేది ఎలాగూ చాందియే.

ఇప్పుడు సార్ ఎంచిన ఆరు పాటల్లో వాగు పాట ఉంది. ఆయన ఆ పాటలు రాసిన పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చాడు. అందులో మూడు ఖాళీలున్నాయి: రాసింది ఎవరు, బాణీ ఎవరిది, పాడేది ఎవరు.

"జాగ్రత్తగా నింపండి," అన్నాడు. "మీరు రాసిందే క్యాసెట్ అట్ట మీద పడుతది. రేపు ఎవరన్నా మీ పాట పాడాలన్నా, మార్చాలన్నా ఆ పేరున్నోళ్లనే అడగాలె. పేరు లేకపోతే వాళ్లను ఎవరూ అడగరు."

చాంది పెన్ను పట్టుకుని ఆలోచించింది. బాలి పేరు రాస్తే, జీపులో ఎవరు పోవాలన్న ప్రశ్న వస్తుంది. ఆమె మూడు ఖాళీల్లోనూ తన పేరే రాసి ఇచ్చేసింది.

మర్నాడు పొద్దున సార్ ఆమెను పిలిచాడు.

"పాట చిన్నగైంది. ఇంకో చరణం కావాలె. వాగు తగ్గినంక ఏం చేస్తరు?"

"ఉరుకుతం సార్. దాటి, ఇంటికి ఉరుకుతం."

"అదే రాయి. బాణీ మాత్రం మొదటి చరణం లెక్క ఉండొద్దు. ఆ ఉరుకుడు వినబడాలె. సాయంత్రం వరకు కట్టుకోని రా."

మాటలు వెంటనే వచ్చాయి. బాణీ రాలేదు. అన్నం గంట అయింది, ఆటల గంట అయింది. చాంది ఎంత గట్టిగా పాడినా అది పరుగెత్తలేదు. కేక వేసినట్టుందంతే.

చివరికి బాలిని వెతుక్కుంటూ పోయింది. బాలి తీగ మీద ఆరిన బట్టలు తీసి మడత పెడుతోంది.

"బాలీ, ఈ చరణం జర చూడవా?"

"బాణీ నీదే అన్నవు కదా," అంది బాలి. ఆమె గొంతులో కోపం లేదు. "ఇది గూడ నువ్వే కట్టు."

"కాగితం చూసినవా?"

"సార్ బల్ల మీద ఉంటే చూసిన. మూడు కాడ్ల నీ పేరే ఉంది." బాలి గౌను మడత పెట్టి పక్కన పెట్టింది. "నేను పాడనని నాకు తెలుసు. పేరు గూడ ఉండదని తెల్వదు."

చాంది తను కూడా ఒక గౌను తీసి మడత పెట్టింది. తర్వాత స్టాఫ్ రూముకు నడిచింది.

లోపల జైరాం సార్, వార్డెన్ నాగలక్ష్మి మేడం టీ తాగుతున్నారు.

"సార్, నా కాగితం ఇయ్యండి. తప్పు రాసిన," అంది చాంది. "బాణీ నాది కాదు. ఆ ఆగుడు నాకు తోచలే. మొత్తం బాలియే కట్టింది. జీపుల నన్నే తీస్కపోవాలని గట్ల రాసిన."

సార్ కప్పు కింద పెట్టాడు. కోప్పడతాడనుకుంది. ఆయన కాగితం వెతికి ఆమె చేతికిచ్చాడు. చాంది బాణీ అన్న చోట తన పేరు కొట్టేసి, పక్కన 'బాలి' అని పెద్ద అక్షరాలతో రాసింది.

"మరి జీపులో ఎవరు రావాలె?" అని అడిగాడు సార్.

చాంది కాగితం ఆయనకు తిరిగి ఇచ్చింది.

"ఇద్దరం రావాలె సార్. బాలి లేకపోతే కొత్త చరణం రాదు. జీపుల జాగ లేకపోతే మేం మేడంతోటి బస్సుల వస్తం."

"ఏందే, నన్ను అడిగినవా?" అంది మేడం.

"ఇప్పుడు అడుగుతున్న మేడం. వస్తరా?"

మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. "ఐదున్నరకే లేవాలె మరి. తయారుగ ఉండండి."

చాంది బట్టల తీగ దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చి జరిగింది చెప్పింది. బాలి చేతిలోని గౌను పక్కన పెట్టింది.

"సారీ," అంది చాంది.

"కొత్త చరణం చదువు," అంది బాలి.

శనివారం ఖమ్మం స్టూడియోలో వాళ్ల వంతు మధ్యాహ్నం వచ్చింది. చాంది చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకు ముందు పాడింది. బాలి, మేడం అద్దం అవతల కూర్చున్నారు. రెండో చరణం అయ్యాక రికార్డింగ్ చేసే అన్న పాట ఆపాడు.

"ఈ చరణం మస్తుంది పాపా. చివరి లైను ఇంకొంచెం పైకి తీసి పాడతవా?"

అలా పాడటం చాందికి వచ్చు. పాడి చూపించాలని కూడా అనిపించింది. కానీ ఆమె హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుంది.

"బాలిని అడగండన్నా. బాణీ ఆమెది."

అందరూ బాలి వైపు తిరిగారు. బాలి లేచి నిలబడింది. మైకు దగ్గరికి వచ్చి, తెలియని మనుషుల ముందు మొదటిసారి నోరు తెరిచింది.

"పైకి వద్దన్నా," అంది. "గిట్ల."

అని పాడి చూపించింది.