నెమలిదుర్గపు గడ్డిపరక

గండవరపు రాజవీథులు ఆనాడు కస్తూరి కళ్లాపితో ఘుమఘుమలాడుతూ, ఏనుగుల ఘంటారవంతో, వీరభేరుల మోతతో దద్దరిల్లుతూ నెమలిదుర్గ విజయోత్సవానికి ముస్తాబై ఉన్నాయి. ఆ యుద్ధానికి వెళ్లివచ్చిన ముదుసలి బంట్లు ఏటా ఆ దినాన నిండుకొలువులో తాము కన్నది చెప్పడం, తిప్పభూపాలుడు వారి చేతికి బంగారు కడియం తొడగడం ఆచారం. అందరూ చెప్పేది ఒక్కటే పాట, ఘోరంగా పోరి కోట గెలిచామని మాచనమంత్రి నేర్పిన పాట.

బైచనాయుడి వంతు వచ్చింది. ఆ వృద్ధుడికి కడియం మీద ఆశ లేదు. తన సేనాని కాచనాయకుడు శత్రువుల లంచం తిని కత్తి దించాడని నింద వేసి ఆయన తల తీయించారు. ఆయన పేర వీరశిల నాటడానికైనా అనుమతి లేదు. అది సాధించుకునే చావాలని వచ్చాడు బైచన. రాజుకు నిజం తెలియదనీ, తెలిస్తే న్యాయం చేస్తాడనీ అతని నమ్మకం.

“దేవరా! నెమలిదుర్గంలో యుద్ధమే జరగలేదు. కోటలోని వారంతా ఆయుధాలు పారవైచి, నోట గడ్డి కరచి వెలికి వచ్చారు. గడ్డి కరచినవాడు గోవుతో సమానమని మా కాచనాయకులు అభయమిచ్చారు. అంతలో ఒక్కణ్నీ విడువవద్దని రాజముద్రతో ఆజ్ఞ వచ్చింది. నాయకులు కత్తి నేల పెట్టారు. ఆయనను బంధించి ఆ పని మా చేత చేయించారు. ఆయన ద్రోహి కాడు దేవరా! ఒక్క శిల నిలుపనియ్యండి.”

మాచనమంత్రి నవ్వాడు. “ముసలితనాన మతి చలించినది. గడ్డి కరచినవాణ్ని నరకుమని ఆనతిచ్చే పాతకి ఈ కొలువులో ఎవడున్నాడయ్యా?”

బైచన మొలలో దోపుకొచ్చిన గడ్డిపరక తీసి, పళ్ల నడుమ కరచి, సింహాసనం ఎదుట మోకరిల్లాడు. తక్కిన ముదుసళ్లలో ఒకడు భోరుమన్నాడు. మంత్రి ముఖాన నెత్తురుచుక్క లేదు. “చూస్తారేమిరా! నరకండి వాణ్ని!” అని అరిచి, అన్నదేమిటో తెలిసి నాలుక కరచుకున్నాడు.

దొంగ దొరికాడని బైచన ఆశగా రాజు వంక చూశాడు. రాజు మాత్రం రాజముద్ర ఉన్న ఉంగరాన్ని వేలిచుట్టూ తిప్పుకుంటున్నాడు.

“ఆ ఆజ్ఞ మాదే బైచనా! ఆ కోట మాకు కావలసి ఉండినది. గతించినదాన్ని తవ్వకుము. కడియం పుచ్చుకో.”

ఇన్నేళ్లూ మంత్రిని తిట్టుకున్నాడే తప్ప రాజును అనుమానించని పిచ్చి గుండె అది. కంచే చేను మేసిందని ఇప్పుడు తెలిసి బద్దలైంది. గడ్డిపరకను నోటినుంచి తీసి రాజు పాదపీఠం మీద పెట్టాడు.

“దేవర ఉప్పు తిన్నవాణ్ని, శపించను. ఇది మాత్రం దాచుకోండి.”

అతడు వెళుతుంటే వెనుక కడియాలు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి.

కాచనాయకుడి శిలను ఆ ముదుసళ్లే నాటుకున్నారు, ఎవరినీ అడక్కుండా. కొన్నేళ్లకు శత్రువులు గండవరాన్ని ముట్టడించారు. తిప్పభూపాలుడు గడ్డి కరచి కోటవాకిట నిలిచాడన్న వార్త ఆ శిల దగ్గర కూర్చున్న బైచనకు చేరింది.

“విడిచిపెట్టారా?” అన్నాడు ఆత్రంగా.

వార్త తెచ్చినవాడు తల దించుకున్నాడు.