నూకరత్నం మచ్చ

మిషను హోరు ఆగింది. "ఇక లేవొచ్చు నూకరత్నం గారూ," అంది డాక్టర్ ప్రజ్వల.

నూకరత్నం లేవలేదు. ఛాతీ వైపు చూసుకోకుండా కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇరవై రెండేళ్ళ కిందట కుడి రొమ్ములో కేన్సర్ గడ్డ తీసినప్పుడు, చంక నుంచి ఛాతీ మధ్య దాకా పడ్డ కోత మచ్చ అక్కడుండేది. తాడులా గట్టిపడి, పక్కటెముకకు అతుక్కుపోయి, ఆ చేతిని భుజం దాటి లేవనిచ్చేది కాదు. అన్నేళ్ళూ ఆవిడ జడ ఇరుగుపొరుగువాళ్ళే వేశారు.

"చూసుకోవద్దులెండి. ముందు చెయ్యెత్తండి."

ఎత్తింది. చెయ్యి సాఫీగా నెత్తి మీదికి వెళ్ళింది. నూకరత్నం భోరుమంది.

"ఏటి సేసినావమ్మా?"

"మామూలు చర్మంలో సన్నటి దారాలు నులక మంచంలా అల్లుకుని ఉంటాయండీ. కోసినచోట ఒంటికి తొందరెక్కువ. దారాలన్నిటినీ ఒకే వైపుకి లాగి ముడేసేస్తుంది. ఈ మిషను శబ్దతరంగాలతో ఆ ముళ్ళు విప్పుతుంది. పక్క కణాలు కదిలొచ్చి మళ్ళీ సరిగ్గా అల్లుతాయి. గుంట కూడా పూడిపోతుంది. కాకపోతే పచ్చి గాయం మీద పనిచెయ్యదు. మీకు లాగా మచ్చ ముదిరుండాలి."

ఆస్పత్రిలో అందరూ ఆ మిషనుకి మగ్గం అని పేరు పెట్టేశారు.

సముద్రం బీచ్ రోడ్డును మింగేశాక విశాఖలో ఆస్పత్రులన్నీ కొండలెక్కిన కాలమది. మారింది అదొక్కటే కాదు. ఏ ఫొటోనైనా, ఏ వీడియోనైనా, చచ్చిపోయినవాళ్ళ గొంతునైనా ఎవరైనా చిటికెలో తయారుచెయ్యగలిగాక, జనం తెర మీద కనిపించేదేదీ నమ్మడం మానేశారు. మెడికల్ రిపోర్టు చూపిస్తే నవ్వేవారు. వాళ్ళనీ తప్పుపట్టలేం. మోసపోయి మోసపోయి అలా తయారయ్యారు. చేత్తో తడిమిందే నిజమైపోయింది.

అందుకే ఆ ఆస్పత్రిలో ఒక పద్ధతి ఏర్పడింది. ఆపరేషనంటే హడలిపోయే ఆడమనిషి ఎవరొచ్చినా నూకరత్నానికి కబురు వెళ్ళేది. ఆవిడ ఆ మనిషిని కర్టెన్ వెనక్కి తీసుకెళ్ళి, జాకెట్టు హుక్కులు విప్పి, ఆమె వేలు పట్టుకుని మచ్చ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించేది. "సూసినావా? ఎన్నేళ్ళ నాటిదో. నాను సచ్చిపోనేదు," అనేది. అంతే. చాలామంది ఆ పూటే ఆపరేషనుకి ఒప్పుకునేవారు.

ఇంత సేవ చేసిన మనిషని మగ్గానికి మొదటి పేషెంటుగా ఆవిడనే ఎంచుకున్నారు. ఆ మచ్చ పోతే ఏం జరుగుతుందో అంత పెద్ద ఆస్పత్రిలో ఒక్కరికీ తట్టలేదు. నూకరత్నానికీ తట్టలేదు. చర్మం కుదురుకునే దాకా రెండు నెలలు వార్డుకి రావద్దంటే, అన్నాళ్ళూ ఇంట్లో అద్దం ముందు తన జడ తనే వేసుకుని మురిసిపోయింది పిచ్చితల్లి.

జోషిత వచ్చాక తట్టింది.

జోషితకు ముప్పై నాలుగేళ్ళు. నీళ్ళ మీద తేలే మార్కెట్లో చేపల కొట్టు నడిపేది. నడుం దాటిన జుట్టు. గడ్డ ఇంకా చిన్నదే, ఇప్పుడు తీసేస్తే బతుకుతుందని ప్రజ్వల చెప్పింది. కర్టెన్ వెనక జోషిత వేలు నూకరత్నం చర్మం మీద ఒకసారి నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. ఏమీ తగల్లేదు.

"ఏదీ పిన్నీ?"

"ఇక్కడే ఉండీదమ్మా. మొన్న మిషను పెట్టి తీసేసినారు."

"మచ్చ తీసీ మిషనుంటే గడ్డెందుకు తియ్యదు?"

"అది వేరు, ఇది వేరు తల్లీ."

జోషిత చున్నీ సర్దుకుంది. "నీకసలు జబ్బే రానేదు పిన్నీ. ఈ మాటలు నీకెవలో నేర్పినారు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. నోరు గట్టిదే కానీ ఆమె కళ్ళనిండా భయమే. "ఏళ్ళ నాటి మచ్చున్న మనిషిని ఒక్కదాన్ని సూపించు. మర్నాడే కోయించుకుంటాను."

నూకరత్నం తిన్నగా ప్రజ్వల గదికి వెళ్ళింది. "నా మచ్చ నాకు పెట్టియ్యమ్మా."

"మిషనుకి విప్పడమే తెలుసండీ."

"పోనీ, కత్తితో గియ్యి."

ప్రజ్వల కుర్చీలోంచి లేచింది. "గీస్తే పచ్చి గాయమవుతుంది. నిన్నటిదని ఎవరైనా చెప్పేస్తారు. ఇరవై ఏళ్ళ మచ్చ కావాలంటే ఇరవై ఏళ్ళు పడుతుంది."

నూకరత్నం పాత పేషెంట్ల ఇళ్ళన్నీ తిరిగింది. తలుపు తీసిన ప్రతి ఆడమనిషీ నవ్వుతూ చెయ్యి పైకెత్తి చూపించింది. నూకరత్నం చెయ్యి లేచిందని విని, ఈ రెండు నెలల్లో అందరూ మగ్గం కిందికి వెళ్ళొచ్చారు మరి. మిగిలింది సత్యవేణి ఒక్కతే. ఎనిమిదేళ్ళ కిందట నూకరత్నం మచ్చ తడిమి ధైర్యం తెచ్చుకున్న మనిషి. ఆమె వంతు ఆ రోజే, అదే ఆఖరిది. మర్నాడు మిషనును హైదరాబాదు తీసుకెళ్ళిపోతున్నారు.

మగ్గం గది గుమ్మంలో నూకరత్నం ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ కాళ్ళట్టుకుంటాను వేణీ. ఈ పూట ఆగు. ఓ పిల్ల పేణం."

సత్యవేణి తలుపు వైపు చూసింది. "ఎనిమిదేళ్ళు అద్దానికి వీపు తిప్పి బట్టలు మార్సుకున్నానక్కా. నీది తీయించేసుకుని, నన్ను మాత్రం ఉంచుకోమంటావా?"

నూకరత్నానికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. పట్టుకున్న చెయ్యి వదిలేసింది. తలుపు మూసుకుంది, లోపల మిషను మోగింది.

మరుసటి ఏడు వానలు వెలిశాక జోషితను స్ట్రెచర్ మీద తెచ్చారు. గడ్డ పగిలి పుండయింది, ఊపిరితిత్తులకూ పాకింది. ఆమె నూకరత్నం చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు నమ్ముతాను పిన్నీ. కొయ్యమను," అంది. ప్రజ్వల తల అడ్డంగా ఊపి బయటికి వెళ్ళిపోయింది.

మందులేవీ వాడలేదు కనక ఆ పిల్ల జుట్టు ఒక్క పోగు రాలలేదు. తలగడంతా పరుచుకుని చిక్కులు పడింది. "జడెయ్యి పిన్నీ, సిరాగ్గా ఉంది," అంది కళ్ళు మూసుకుని.

నూకరత్నం తలాపున నిలబడి దువ్వెన అందుకుంది. ఆ పొడుగాటి జుట్టును కుదుళ్ళ నుంచి పైకి లాగి లాగి దువ్వింది. చెయ్యి ఎంత ఎత్తినా ఎక్కడా పట్టలేదు.