యాభై ఐదు రోజులు వెనక్కి

షాపు అద్దం మీద మళ్ళీ దెబ్బ!

ధన్... ధన్... ధన్!

లుబ్నా చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కిందపడింది.

సాయంత్రం ఐదు దాటి ఇరవై నిమిషాలే. అయినా జనవరి కదా... కైసర్స్‌లౌటర్న్ అప్పుడే చీకట్లో మునిగిపోయింది. బయట వాన. అద్దానికి అవతల ఒక యువకుడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏదో అరుస్తున్నాడు.

మాట వినపడడం లేదు. జర్మనీ అద్దం. రెండు పొరలు. పెదవులే కదులుతున్నాయి.

ఒక్క మాట మాత్రం పెదవుల్లో దొరికింది.

లాప్‌టాప్!

లుబ్నా టేబుల్ మీదున్న నల్ల లాప్‌టాప్‌ని గబుక్కున తనవైపు లాక్కుంది. గోడ మీది స్విచ్ నొక్కింది.

షట్టర్ కిందికి దిగుతోంది...

ఆ యువకుడి ముఖం మాయమైంది. ఛాతీ మాయమైంది. చివరికి తడిసిన బూట్లు కూడా.

ఫోన్ అందుకుంది.

"ఈషక్కా! వాడొచ్చిండు! మీరు చెప్పిన విక్రాంతే అనుకుంట!"



"లాప్‌టాప్ ఇచ్చావా?"

"లేదక్కా. షట్టర్ దించేసిన."

"మంచి పని చేశావ్. కంగారు పడకు. నేను బయల్దేరా. పది నిమిషాలు... పని అయిందా?"

"చూస్తున్న. ఇంకా తిరుగుతనే ఉంది."

ఫోన్ పెట్టేసింది.

లుబ్నాది హైదరాబాద్, మలక్‌పేట. ఇక్కడ యూనివర్సిటీలో మాస్టర్స్ రెండో ఏడు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి ఈ రిపేర్ షాపులో పని. యజమాని ఊళ్ళో లేడు. మన విద్యార్థుల్లో ఎవరి లాప్‌టాప్ మొరాయించినా చివరికి ఈ టేబుల్ మీదికే వస్తుంది.

ఈ మధ్యాహ్నం ఈషా వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎర్రబడ్డ కళ్ళు. నీట్‌గా దువ్విన జుట్టు.

"మా తమ్ముడు శశికాంత్‌ది ఇది. వారం నుంచి ‘అప్‌డేట్స్ కోసం వెతుకుతోంది’ అని తిరుగుతూనే ఉంది. రేపు పొద్దున పోలీసులకి అప్పగించాలి. అపాయింట్‌మెంట్ తొమ్మిదింటికి. ఆలోపు మామూలుగా పనిచెయ్యాలి."

శశికాంత్!

ఆ పేరు లుబ్నాకి తెలుసు. యూనివర్సిటీ క్యాంటీన్ తలుపు మీద పోస్టర్ ఉంది. అక్టోబర్ తొమ్మిది రాత్రి నుంచి కనపడడం లేదు.

"లెటర్ రాసి పెట్టి వెళ్ళిపోయాడు" అంది ఈషా. "ఈ లాప్‌టాప్‌లోనే ఉంది. ‘నన్ను వెతకొద్దు’ అని. తొమ్మిదో తారీఖు రాత్రే టైప్ చేశాడు. కానీ నాకెందుకో వాడి రూమ్మేట్ విక్రాంత్ మీద అనుమానం. వాడొచ్చి అడిగితే మాత్రం ఇవ్వకు!"

ఇప్పుడు వాడొచ్చాడు.

షాపు ఫోన్ మోగుతోంది. లుబ్నా ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

పని చెయ్యాలి. ఈషా వచ్చేలోపు పూర్తి చెయ్యాలి.

అప్‌డేట్ సర్వీస్ ఆపింది. సగం దిగి పాడైన పాత ఫైళ్ళ ఫోల్డర్ ఖాళీ చేసింది. రీస్టార్ట్ కొట్టింది. నూటికి తొంభైసార్లు దీంతో దారికొస్తుంది.

తెర వెలిగింది.

అప్‌డేట్స్ కోసం వెతుకుతోంది...

చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. తిరుగుతున్నాయి. తిరుగుతూనే ఉన్నాయి!

"యా అల్లా, ఏమైంది నీకు?"

నెట్ చూసింది. బాగానే ఉంది. డిస్కులో జాగా చూసింది. బోలెడుంది. మళ్ళీ తెర వైపు చూసింది. కింద, కుడివైపు మూల...

చూపు అక్కడే ఆగిపోయింది.

నవంబర్ 26.

తన ఫోన్ చూసుకుంది. జనవరి 20.

దొరికింది!

తేదీ అంత తప్పుంటే కంపెనీ సర్వర్ ఈ మెషీన్‌ని నమ్మదు. ఈ మెషీన్ సర్వర్‌ని నమ్మదు. తలుపు కొడుతూ బయటే నిలబడి ఉంటుంది. అంతే.

కానీ తేదీ దానంతట అది ఇంత వెనక్కి పోదు. నెట్ తగిలితే చాలు, తనే సరిచేసుకుంటుంది. ఆ సెట్టింగ్ తెరిచి చూసింది.

ఆఫ్!

ఎవరో కావాలని ఆపారు.

సెట్టింగ్ ఆన్ చేసింది. తేదీ టక్కున జనవరి 20కి దూకింది. మరుక్షణం చుక్కలు ఆగాయి. ఇరవై మూడు అప్‌డేట్స్ వరసగా తెర మీదికి వచ్చాయి.

రిపేర్ అయిపోయింది. ఇక్కడితో వదిలేయొచ్చు.

లుబ్నా వదల్లేదు.

సిస్టమ్ తనకి జరిగినవన్నీ రాసుకునే లాగ్ ఒకటి ఉంటుంది. గడియారం మారిస్తే అది కూడా రాసుకుంటుంది. తెరిచింది. వెనక్కి జరుపుతూ పోయింది. డిసెంబర్... డిసెంబర్...

ఆగింది.

డిసెంబర్ 3, సాయంత్రం 6:14. గడియారం మార్చబడింది. కొత్త తేదీ... అక్టోబర్ 9, రాత్రి 9:30.



లెటర్ ఫైల్ మీద నొక్కి చూసింది. తయారైన సమయం... అక్టోబర్ 9, రాత్రి 9:41.

గడియారాన్ని యాభై ఐదు రోజులు వెనక్కి తిప్పి, పదకొండు నిమిషాల తర్వాత రాసిన ఉత్తరం!

శశికాంత్ రాయలేదు. అతను మాయమైన ఎన్నో రోజులకి... ఎవరో అతని గదిలో, అతని కుర్చీలో కూర్చుని, అతని పేరుతో రాశారు.

ఆ గదిలో ఉండేదెవరు?

విక్రాంత్!

ఫోన్ మోగింది. ఉలిక్కిపడింది. ఈషా!

"అక్కా! ఆ లెటర్ దొంగది! డిసెంబర్‌ల రాసిన్రు! లాగ్‌ల ఉంది... నేను చూసిన!"

ఈషా ఒక్కటే అడిగింది. అంతే.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు. పోలీసులకి చేస్త ఇప్పుడే..."

"వద్దు, ఫోన్లో వద్దు. లాప్‌టాప్ చేతిలో పెట్టి చూపిస్తేనే నమ్ముతారు. వెనక గుమ్మం దగ్గరున్నా. తెల్ల కారు. ఇద్దరం తిన్నగా స్టేషన్‌కే వెళ్దాం. రా, త్వరగా!"

లుబ్నా లాప్‌టాప్‌ని కోటు లోపల దాచుకుంది. వెనక తలుపు తీసింది.

వాన. చీకటి. సందు చివర తెల్ల కారు లైట్లు.

పరిగెత్తింది.

వెనక అడుగుల చప్పుడు!

టప్... టప్... టప్...

తిరిగి చూసింది. వాడే! సందు మలుపులోంచి దూసుకొస్తున్నాడు!

"ఆగుండ్రి మేడమ్! ఆగుండ్రి!"

ఆగలేదు. నీటి గుంటలో కాలు జారింది. మోకాలు గోడకి కొట్టుకుంది. లేచింది. కారు తలుపు లాగి లోపల పడింది.

"పోనీయండక్కా! పోనీయండి!"

కారు కదిలేలోపే విక్రాంత్ అద్దం మీద పడ్డాడు. అరుస్తున్నాడు. ఇంజన్ రొద, వాన చప్పుడు. ఏమీ అర్థం కావడం లేదు. అతను చటుక్కున ఫోన్ తీశాడు. ఏదో కొట్టాడు. కారుతో పాటు పరిగెత్తుతూ తెరని అద్దానికి అదిమిపెట్టాడు.

పెద్ద పెద్ద అక్షరాలు. నాలుగంటే నాలుగు మాటలు.

శశికి అక్క లేదు. దిగు!

టక్!

నాలుగు తలుపులూ ఒక్కసారే లాక్ అయ్యాయి.

కారు ముందుకు ఉరికింది. విక్రాంత్ వెనకపడ్డాడు... చిన్నగా అయ్యాడు... వానలో కలిసిపోయాడు.

లుబ్నా నెమ్మదిగా తల తిప్పింది.

ఈషా రోడ్డునే చూస్తోంది. కళ్ళలో ఎరుపు అలాగే ఉంది. తడి మాత్రం లేదు.

"ఇంటి ఓనరావిడకి శశి అక్కనని చెప్పి లాప్‌టాప్ తెచ్చా. రిపేర్‌కి నీ షాపుకేనని నోరు జారా, ఆవిడ విక్రాంత్‌కి చెప్పుంటుంది. అదొక్కటే తప్పు."

స్టేషన్‌కి కుడివైపు తిరగాలి. కారు ఎడమవైపు తిరిగింది. అడవి వైపు.

"మీరు... ఎవరు?"

"వాడి ల్యాబ్‌లో సీనియర్‌ని. నాలుగేళ్ళ పీహెచ్‌డీ నాది. నా రీడింగులు నేనే మార్చానని పసిగట్టాడు. మర్నాడు ప్రొఫెసర్‌కి చెప్తానన్నాడు. మెట్ల మీద మాటామాటా పెరిగింది. తోశా. మళ్ళీ లేవలేదు." ఆమె గొంతులో జంకు లేదు. "వాడి తాళంచెవులు నా దగ్గరే ఉన్నాయి. విక్రాంత్ డ్యూటీకెళ్ళినప్పుడు గదిలోకెళ్ళి లెటర్ రాశా. వాడా రోజు ముందే వచ్చేశాడు. గడియారం సరిచేసే టైం దొరకలేదు."

"మరి నా దగ్గరికెందుకు తెచ్చిన్రు?"

"తేదీ మార్చడం నాకూ వచ్చు. ఇంకెక్కడైనా మరక మిగిలిందేమో... పని తెలిసినవాళ్ళకి చూపించాలిగా! నీకు దొరికిందంటే పోలీసులకీ దొరుకుతుంది."

ఇళ్ళు అయిపోయాయి. రెండువైపులా చెట్లు. వీధి దీపాలు లేవు.

ఈషా కోటు జేబులోంచి సన్నని కత్తి తీసింది. ల్యాబ్‌లో వాడేది. స్టీరింగ్ మీది చేత్తోనే పట్టుకుంది.

"నీ ఫోన్ ఇటివ్వు, లుబ్నా. నీ లెటర్ కూడా నేనే రాయాలి. ఈసారి గడియారం జోలికి పోను."

లుబ్నా ఫోన్ తీసింది.

చాపింది.

ఈషా చెయ్యి దానికోసం వచ్చింది... అంతే! లుబ్నా రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని తనవైపు లాగేసింది!

టైర్లు కీచుమన్నాయి. చెట్టు! అద్దం నిండా చెట్టు!

ధడేల్!

తెల్లటి ఎయిర్‌బ్యాగులు పగిలినట్టు ఉబ్బాయి. పొగ. రబ్బరు కాలిన వాసన. చెవుల్లో హోరు.

తర్వాత... నిశ్శబ్దం.

ఉన్నట్టుండి కారు పైకప్పులోంచి ఒక గొంతు!

"హలో? నోట్‌రుఫ్, ఎమర్జెన్సీ సర్వీస్. మీ కారుకి ప్రమాదం జరిగినట్టు మాకు సంకేతం వచ్చింది. వినపడుతోందా?"

జర్మన్‌లో మగ గొంతు. కారు దానంతట అదే ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది!

లుబ్నా నోరు తెరిచింది.

పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ నోరు మూసేసింది.

ఈషా! నుదుటి మీంచి రక్తం కారుతోంది. గొంతు మాత్రం తేనె పోసినట్టుంది. చక్కటి జర్మన్.

"ఏం లేదు. రోడ్డు జారింది. దెబ్బలేమీ తగల్లేదు. ఎవరూ రానక్కర్లేదు."

"కారులో మీరొక్కరేనా?"

ఆ వేళ్ళు ఇంకా బిగిశాయి. ఊపిరాడడం లేదు.

"అవును. నేనొక్కదాన్నే."

లుబ్నా కొరికింది. ఎముక తగిలేదాకా కొరికింది!

"త్స్వై! ఇద్దరం! ఇద్దరం ఉన్నం! బచావో!"

జర్మన్, తెలుగు, ఉర్దూ... ఏది ముందొస్తే అది.



"రెండో గొంతు విన్నాను" అంది పైకప్పు. స్థిరంగా. "మీరెక్కడున్నారో కనిపిస్తోంది. బండి బయల్దేరింది. ఆరు నిమిషాలు. లైన్‌లోనే ఉండండి."

ఆరు నిమిషాలు!

ఈషా చెయ్యి విడిపించుకుంది. నెమ్మదిగా ముందుకు వంగింది. చీకట్లో సీట్ల కింద చేత్తో తడుముకుంటోంది. కత్తి కోసం.

లుబ్నా బూటు కింద సన్నగా ఏదో కదిలింది.

పాదం గట్టిగా అదిమిపట్టింది. తీయలేదు.