బెదురుబాబుకి ధైర్యమొచ్చిన రోజు

పనసకాయంత రోబో ఒకటి బాలబడి మెట్ల దగ్గర గజగజ వణుకుతోంది. ఎంత వణుకంటే, గోడ గడియారం ఊగిపోయి రెండు నిమిషాలు ముందుకెళ్లింది.

"నేను రాను! చీకటి!" అని అది ఏడుస్తుంటే, నాలుగేళ్ల నూకరత్నం దాని వేలు పట్టుకుంది.

"నేనున్నాగా! ముప్పై మెట్లేరా. లెక్కెడదాం. ఒకటీ, రెండూ..."

పదకొండు తర్వాత ఇరవై ఏడు వచ్చింది గానీ, ఇద్దరూ కిందికి దిగిపోయారు. నిన్నటిదాకా ఈ మెట్లు చూస్తే ఆ పిల్ల స్తంభాన్ని కరుచుకుని అరిచేది. ఆ అరుపుకి సముద్రంలో వలలు తెగేవి.

సముద్రం ముందుకొచ్చేశాక ఉప్పాడలో ప్రతి బాలబడి కిందా తుఫాను షెల్టర్ కట్టారు. సైరన్ మోగిన పది నిమిషాల్లో దాని ఉక్కు తలుపు మూసుకోవాలి. బడిలో ఉన్నవాళ్లలో ఒక్కరు బయట మిగిలినా సెన్సర్ మూయనివ్వదు. పిల్లలేమో ఆ చీకటి మెట్లంటే హడలిపోయేవాళ్లు. అందుకే డాక్టర్ పోలరాజు డెబ్బై రెండో ఏట ఈ బెదురుబాబు రోబోను తయారుచేశాడు.

"కిటుకు చిన్నదేనమ్మా," అన్నాడు సత్యవేణి టీచర్‌తో, మీసం దువ్వుతూ. "దీని అరచేతిలో సెన్సర్ ఉంది. పిల్ల గుండె ఎంత కొట్టుకుంటే, ఇది అంతకు రెట్టింపు వణుకుతుంది. ఎదుటివాణ్ణి ఓదార్చేటప్పుడు పిల్లలు తమ భయం మర్చిపోతారు. పైగా ఇది నేర్చుకునే మెషీన్! వాళ్లు చెప్పే ప్రతి మాటా బుర్రకెక్కించుకుంటుంది. నాలాంటి బుర్ర మళ్లీ మూడొందల ఏళ్లకి గానీ పుట్టదు."

"మీరూ ఓసారి దిగి చూడండి మాస్టారూ."

"నేనా? పదకొండు తుఫాన్ల నడిమధ్య పడవలో కూర్చుని మిరపకాయ బజ్జీలు తిన్నవాణ్ణి! ముప్పై మెట్లు నాకో లెక్కా?" అన్నాడు. అని, ట్యాబ్‌లో పనుందంటూ పైనే ఉండిపోయాడు. ఎప్పుడూ పైనే ఉండిపోయేవాడు.

ఆర్నెల్ల తర్వాత ఓ మధ్యాహ్నం నిజం సైరన్ మోగింది. ఆ మోతకి యానాంలో కాకులు లేచి ఒడిశా సరిహద్దు దాటాయి. ఆకాశం మీద తారు డబ్బా బోర్లించినట్టయింది.

"పదండి! భయమెందుకు?" అంటూ బెదురుబాబు ఛాతీ విరుచుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయింది. పిల్లలు ఆర్నెల్లుగా నూరిపోసిన ధైర్యమంతా దానికి వంటబట్టేసింది.

ఇక ఓదార్చడానికి ఎవరూ మిగల్లేదు. పద్దెనిమిది మంది పిల్లలూ గుమ్మంలో బిగుసుకుపోయారు. నూకరత్నం మళ్లీ స్తంభాన్ని కరుచుకుంది.

"ఏడు నిమిషాలే ఉన్నాయి మాస్టారూ!" అని అరిచింది సత్యవేణి.

పోలరాజు పిల్లల్ని కసిరాడు, బతిమాలాడు, పటిక బెల్లం ఆశపెట్టాడు. ఆయన కాళ్లు మాత్రం గుమ్మం దాటలేదు. మూసేసిన గది అంటే చిన్నప్పట్నుంచీ ఆయనకు ప్రాణం పోయేంత బెదురు. లిఫ్టు ఎక్కలేక నలభై అంతస్తులు కాళ్లతో ఎక్కి, వ్యాయామమని చెప్పుకున్న మనిషి!

నూకరత్నం ఏడుపాపి ఆయన చేతుల్నే చూసింది. ఆ వణుకు ఆ పిల్లకు బాగా తెలుసు.

"తాతా, నీకు బెదురా?"

పదకొండు తుఫాన్లూ, బజ్జీలూ ఆయన గొంతుదాకా వచ్చి ఆగిపోయాయి.

"అవునమ్మా. చాలా."

నూకరత్నం స్తంభం వదిలేసి ఆయన వేలు పట్టుకుంది. "నేనున్నాగా! కళ్లు మూసుకోకు, పడతావు. ఒకటీ, రెండూ..."

మిగతా పదిహేడు మందీ పంచె అంచో, చొక్కా కొసో దొరికింది దొరికినట్టు పట్టుకున్నారు. వెనకే టీచర్ దిగింది. తలుపు పడింది. పైన సముద్రం తాడిచెట్టంత లేచి వెళ్లింది. కింద ఎవరికీ చుక్క తడి తగల్లేదు.

ఇప్పుడు బెదురుబాబు తీరంలో గజ ఈతగాళ్లతో పనిచేస్తోంది. దాని ఉద్యోగం పోలరాజుకొచ్చింది. రోజూ పదింటికి బాలబడికెళ్లి వణుకుతాడు.

"మీకు కూడా ధైర్యమొచ్చేస్తే మా గతేంటి మాస్టారూ?" అంది సత్యవేణి.

"ఆ దిగులొద్దు! నాలా భయపడేవాడు మూడు జిల్లాల్లో లేడు," అన్నాడు మీసం దువ్వుతూ.

నిన్న ఇరవయ్యో మెట్టు మీద ఆయనకు తెలిసింది, తన చేతులు వణకడం లేదని. గుండె కూడా నిమ్మళంగానే ఉంది. గొప్పగా చెప్పుకోదగ్గ నిజం జీవితంలో మొదటిసారి దొరికింది.

నూకరత్నం తలెత్తి చూసింది. "బెదురుగా ఉందా తాతా?"

"చాలా ఉందే," అన్నాడు పోలరాజు, ఆ చిన్న వేలును ఇంకాస్త గట్టిగా పట్టుకుని.