పసుపు కార్డు ధీమా

"నాకూ ఇన్సూరెన్స్ చేయించావు కదా?" బస్సు డెన్మార్క్‌లోని ఆర్హుస్ ఊరి పొలిమేర దాటకముందే అడిగింది మారెన్.

"అబ్బ! మనం వెళ్తున్నది ఆస్ట్రియాకి, అడవిలోకి కాదు," నవ్వేశాడు ఆస్గెర్. "అంతా చూసుకున్నాలే, గొడుగు మేడం!"

బస్సంతా గొల్లున నవ్వింది. ఎండ కాస్తున్నా గొడుగు లేకుండా గడప దాటని మారెన్ మొహం కందిపోయింది. ఇద్దరూ ఒకే బడిలో టీచర్లు. ఫిబ్రవరి సెలవులకి స్కీయింగ్‌కని టీచర్లందరి టిక్కెట్లూ బుక్ చేసింది ఆస్గెరే. చాన్నాళ్లుగా ఆ అమ్మాయి మీద మనసు పడి, ఆ ముక్క చెప్పలేక, ఏడిపిస్తూ తిరుగుతున్నదీ అతనే.

నిజానికి ఇన్సూరెన్స్ చేయించలేదు. మిగతావాళ్లు ఎవరిది వాళ్లు చూసుకున్నారు. మారెన్ ఒక్కతే అతన్ని నమ్మి వదిలేసింది. యూరప్‌లో తిరగడానికి అదెందుకు, దండగ, పసుపు కార్డుందిగా అనుకున్నాడు. డెన్మార్క్‌లో ప్రతివాళ్ల పర్సులోనూ ఉండే ఆ ఆరోగ్య కార్డు ఒకప్పుడు యూరప్‌లో దెబ్బ తగిలినవాళ్లని ఇంటికి కూడా చేర్చేది. ఆ సదుపాయం ఎత్తేసి ఏళ్లవుతోంది. అయినా వాళ్ల నాన్న ఎప్పుడో చెప్పిన మాటే ఆస్గెర్‌కి వేదం.

కొండ మీద కూడా అతను ఊరుకోలేదు. "ఆ పెద్ద వాలు దిగుదామా? పిల్లలతో పాటు కిందే ఆడుకుంటావా?"

"పద!" అంది మారెన్ రోషంగా.

సగం దిగకుండానే పడింది. కాలు విరిగింది.

ఆస్పత్రిలో వైద్యానికి ఇబ్బంది రాలేదు. ముందుజాగ్రత్త మనిషి కాబట్టి యూరప్ అంతటా చెల్లే నీలం కార్డు వెంట తెచ్చుకుంది. చిక్కంతా ఇల్లు చేరడం దగ్గరే. తొడ దాకా పిండికట్టు. పడుకోబెట్టే తీసుకెళ్లాలని, ఆ ఖర్చు నీలం కార్డు పెట్టుకోదని నర్సు చెప్పింది.

"ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చెయ్యి. నువ్వు చేయించబట్టి సరిపోయింది!" అంది మారెన్. ఎప్పుడూ లేనంత ఆప్యాయంగా చూసింది.

ఆస్గెర్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. వరండాలోకి వెళ్లి పసుపు కార్డు సంగతి ఫోన్‌లో వెతికితే అప్పుడు తెలిసింది అసలు విషయం. తలుపు అద్దంలోంచి ఆమె తనవైపే చూస్తోంది. ఏం చేయాలో తోచక ఫోన్ చెవికి పెట్టుకుని, "ఆ... ఆ... అలాగేనండీ," అని లోపలికి వినపడేలా అంటూ తలూపాడు. అవతల ఎవరూ లేరు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏమన్నారు?"

"రేపు... రేపు చెప్తామన్నారు."

"థాంక్స్ ఆస్గెర్. నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో!"

చెంప పగలగొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. సిగ్గుతో తల నేలకి వాలిపోయింది.

"మారెన్, ఫోన్‌లో ఎవరూ లేరు. అసలు ఇన్సూరెన్సే లేదు. నేను చేయించలేదు."



"మరి 'అలాగేనండీ' అన్నది ఎవరితో?"

"ఎవరితోనూ కాదు."

"కాలు విరిగితే అతుక్కుంటుంది. నన్ను అందరిముందూ పిరికిదాన్ని చేశావు చూడు, అది ఎలా అతుకుతుంది? అడిగిన పని చేసి నవ్వినా బాగుండేది."

"సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"చావక్కర్లేదు. ఎందుకు ఏడిపిస్తావో చెప్పు చాలు."

"అప్పుడన్నా నావంక చూస్తావని," అన్నాడు. "నువ్వంటే నాకు ఇష్టం."

మారెన్ మొహం గోడవైపు తిప్పుకుంది. అదే అతనికి భరించరానిదైంది.

మర్నాడు దొంగలా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పడుకుని వెళ్లే బండి మాట్లాడాను. దాని ఖర్చుకి నా తెరచాప పడవ అమ్మకానికి పెట్టాను. దారి పొడుగునా పక్కన కూర్చుంటాను. ఏడిపించను."

ఆ పడవంటే అతనికి ఎంత ప్రాణమో బడిలో తెలియనివాళ్లు లేరు. మారెన్ ఏదో అనబోతుండగా వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఇన్సూరెన్స్ వాళ్లే ఇంటికి పంపిస్తున్నారా అని అడిగింది. మారెన్ స్పీకర్ పెట్టి ఫోన్ ఆస్గెర్ చేతికిచ్చింది. "నువ్వే చెప్పు."

చెప్పాడు. వరండాలో ఆడిన నాటకంతో సహా, ఏదీ దాచలేదు. చెవులు ఎర్రగా కాలిపోయాయి.

"సిగ్గు లేదటయ్యా నీకు?" అంది ఆవిడ.

"ఉందండీ. చాలా."

"మరిప్పుడు మా అమ్మాయిని చూసుకునేదెవరు?"

"నేనేనండీ."

"ఎన్నాళ్లూ?"

"కాలు నయమయ్యేదాకా..."

మారెన్ ఫోన్ లాక్కుంది.

"అమ్మా, అంతకంటే ఎక్కువే పట్టేట్టుంది. కాలు తొందరగానే బాగవుతుందట. ఇతను బాగుపడటానికే చాలా ఏళ్లు కావాలి."