మిస్రీ ఆదివారాలు

కార్తీకం వెళ్ళిపోయినా తిరువూరుని ముసురు వదల్లేదు. ఆ ఆదివారం పదకొండు గంటలప్పుడు, బస్టాండుకి దగ్గర్లో ఉన్న మోటార్ వైండింగ్ షాపు ముందు ఒక అమ్మాయి గొడుగు మూసి నిలబడింది. లోపల షానవాజ్ కాలిపోయిన బోరు మోటార్ నుంచి రాగి తీగ లాగుతున్నాడు. బల్ల కింద గోనెపట్టా మీద చిన్న తెల్లకుక్క ఒకటి నిద్రపోతోంది.

ఆ అమ్మాయి అతన్ని చూడలేదు. కుక్కనే చూసింది.

"మిస్రీ," అంది. గట్టిగా కూడా కాదు.

కుక్క చటుక్కున తలెత్తింది. ఒక్క క్షణం ఆగి, లేచి ఆమె వైపు పరిగెత్తబోయింది. నాలుగడుగులు వేసిందో లేదో బాతు అరిచినట్టు దగ్గింది. వెనక కాళ్ళు మడతపడి పక్కకి ఒరిగిపోయింది.

షానవాజ్ తీగ వదిలేసి ఒక్క ఉదుటున వచ్చాడు. దాన్ని చేతుల్లోకి తీసుకుని, మెడ చాపి పట్టుకుని, ఛాతీ మీద అరచెయ్యి ఆనించాడు. అరనిమిషానికి కుక్క కళ్ళు తెరిచింది. తోక కొసని కొంచెం కదిపింది.

"ఎవరండీ మీరు? దానికి గుండెజబ్బు. ఎక్కువ సంతోషం పనికిరాదు," అన్నాడు షానవాజ్. గొంతులో కోపం దాగలేదు.

"నాకు తెలీదండీ," అందామె. "అది మా కుక్క."

"మీదెలా అవుతుంది? దీని పేరు దూది."

ఆమె ఫోన్ తీసి చూపించింది. గళ్ళ లుంగీ కట్టుకున్న గడ్డం పెద్దాయన, ఒళ్ళో ఈ కుక్కే. సగానికి మడిచిన ఎడమ చెవి, తోక మొదట్లో టీ ఒలికినట్టున్న గోధుమరంగు మచ్చ.

షానవాజ్ ఆ ఫోటో వైపు చాలాసేపు చూశాడు. ఇలాంటి రోజొకటి వస్తుందని పద్నాలుగు నెలలుగా అతను భయపడుతూనే ఉన్నాడు.

"తడుస్తున్నారు. లోపలికి రండి," అన్నాడు చివరికి.

ఆమె పేరు ఫర్హత్. విజయవాడలో ఒక ఆసుపత్రి లాబ్‌లో టెక్నీషియన్. ఆమెతో పనిచేసే గీతాంజలిది తిరువూరే. గీతాంజలి అన్న తన పొలం మోటారు రిపేరు చేయిస్తూ తీసిన ఫోటో ఒకటి వాట్సాప్‌ స్టేటస్‌లో పెడితే, అందులో బల్ల కింద ఈ మడత చెవి కనబడింది. అది చూసి దొరికిన మొదటి బస్సెక్కి వచ్చేసింది.

ఆ పెద్దాయన ఆమె తండ్రి హుమాయున్. సింగ్‌నగర్‌లో వాచీలు బాగుచేసేవాడు. పదేళ్ళ కిందట ఎవరో అట్టపెట్టెలో పెట్టి షాపు ముందు వదిలేసిన కూనని తెచ్చి పెంచాడు. సగం పొమేరియన్, సగం వీధికుక్క. ఇంట్లో నమాజు చేసుకుంటారు కాబట్టి దాని కాపురం డాబా మీద. ఐదో పూట నమాజు కాగానే ఆయన పైకెళ్ళి, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ రోజు విశేషాలన్నీ చెప్పేవాడు. మిస్రీ అంటే కలకండ. పేరు పెట్టింది ఆయనే.

బుడమేరు వాగు పొంగి ఇళ్ళు మునిగిన రోజు ఫర్హత్ ఆసుపత్రి డ్యూటీలో ఉండిపోయింది. నాలుగు రోజులు ఇంటికి దారి లేదు. డాబా మీద తండ్రి, కుక్క. పడవలో మనుషులకే చోటు లేదని, కుక్కని వదిలి రమ్మని అడిగితే ఆయన రెండుసార్లు రానన్నాడు. మూడోసారికి ఛాతీలో నొప్పి వచ్చింది. ఎత్తి పడుకోబెట్టి తీసుకెళ్ళారు. రెండు రోజులు బతికాడు. ఆ రెండు రోజులూ ఆయన అడిగింది మిస్రీ గురించే. తెస్తానని ఫర్హత్ మాటిచ్చింది.

ఆ వారంలోనే షానవాజ్ తిరువూరు కుర్రాళ్ళతో కలిసి అన్నం పొట్లాలు పంచడానికి సింగ్‌నగర్ వెళ్ళాడు. ఒక డాబా మెట్ల మీద, నీటి అంచున, నానిపోయి వణుకుతున్న కుక్కని చొక్కాలో చుట్టి తెచ్చుకున్నాడు. అంతవరకే ఆమెకి చెప్పాడు.

ఫర్హత్ ఆ రోజే దాన్ని తీసుకెళ్ళలేకపోయింది. వరదకి పాడైన అద్దె ఇల్లు వదిలేసి ఆమె హాస్టల్లో ఉంటోంది. అక్కడ కుక్కల్ని ఉండనివ్వరు. గది దొరికేదాకా ఉంచమని, ప్రతి ఆదివారం వచ్చి చూసుకుంటానని అడిగింది. ఆ మాట విని షానవాజ్‌ ప్రాణం కుదుటపడింది. అలా అయినందుకు సిగ్గు కూడా వేసింది.

బస్సెక్కే ముందు ఆమెకి అన్నీ చెప్పాడు. పొద్దున సగం మాత్ర, సాయంత్రం సగం. ఒంట్లో నీరు తీసే మాత్ర వేశాక గంటలోపు బయట తిప్పాలి. ఉప్పు తగలకూడదు. మెడకి పట్టీ వద్దు, ఛాతీకి కట్టే బెల్టే. అన్నిటికంటే ముఖ్యం, అది నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టాలి. ముప్పై దాటితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు.

"రోజూ ఆ లెక్క నాకు పంపుతారా?" అడిగింది ఫర్హత్.

పంపాడు. మొదటి నెలంతా వాళ్ళిద్దరి ఫోన్లలో అంకెలే తప్ప మాటల్లేవు. 22. 24. 21. ఆమె నుంచి ఒక దండం బొమ్మ. ఒక రోజు అతను 22 అని పంపి, కింద 'మీకెంత?' అని పెట్టాడు. గంట తర్వాత జవాబొచ్చింది: 'నేను లెక్క పెట్టుకోలేదు.' ఆదివారం వస్తే నేను పెడతాను అని టైపు చేసి, చెరిపేసి, మళ్ళీ టైపు చేసి, మళ్ళీ చెరిపేశాడు. ఆ ఆదివారం ఆమె వచ్చినప్పుడు, టైపింగ్ అని పావుగంట కనబడిందనీ, అంత పెద్ద ఉత్తరం ఎటు పోయిందనీ అడిగింది. అతను కిందికి వంగి కాయిల్ చుట్టడంలో పడిపోయాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇంటికీ షాపుకీ మధ్య ఒక్కటే గడప. షానవాజ్ తల్లి రోషన్ బీ ఆ గడప దాటి కుక్కని రానిచ్చేది కాదు. ఆ విషయంలో ఆవిడ మాట మాటే. కానీ రోజూ పొద్దున్నే ఉప్పు లేకుండా కోడిమాంసం, అన్నం ఉడికించి, విడిగా పెట్టిన సత్తు గిన్నెలో షాపులోకి నెట్టేది. ఎవరైనా అడిగితే మిగిలిపోయిందనేది. ఒక ఆదివారం ఫర్హత్ వచ్చేసరికి ఆవిడ గడపకి అటు, కుక్క గడపకి ఇటు, ఇద్దరూ కునుకు తీస్తున్నారు. ఫర్హత్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. తండ్రి పోయాక ఆమె నవ్వడం అదే మొదలని షానవాజ్‌కి తెలియదు. ఆ నవ్వు తనవల్ల కాలేదే అని మాత్రం అనిపించింది.

డిసెంబరు చివర్లో ఆమెకి గది దొరికింది. ఆ ఆదివారం ముసురు లేదుగానీ మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. ఫర్హత్ కుక్క వీపు నిమురుతూ, మీరు లేకపోతే ఇది ఏమైపోయేదో, మా అబ్బాకి ఇచ్చిన మాట మీవల్లే నిలబడింది అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి షానవాజ్ ఇక ఉండలేకపోయాడు.

"మీకో విషయం చెప్పాలి. దీన్ని తెచ్చిన తొమ్మిదో రోజున నేను మళ్ళీ సింగ్‌నగర్ వచ్చాను. మీ ఇల్లు వెతుక్కుంటూ."

ఫర్హత్ చెయ్యి ఆగింది.

"తాళం వేసుంది. పక్కింటావిడని అడిగాను. పెద్దాయన పోయాడంది. కూతురుందంది."

"కూతురుందని చెప్పిందా?"

"చెప్పింది."

"నా నంబరు ఆవిడ దగ్గరుంది."

"నేను అడగలేదు," అన్నాడు. "అప్పటికే అది నా పక్కన పడుకోవడం అలవాటైపోయింది. అడిగితే ఇచ్చెయ్యాల్సొస్తుందని అడగలేదండీ."

పద్నాలుగు నెలలు. ఆ నెలల్లో ఆమె ఎక్కని మెట్టు లేదు. చచ్చిన కుక్కల్ని తీసిన చోటికి కూడా వెళ్ళి, ఒక్కొక్కదాని చెవీ చూసుకుంటూ తిరిగింది. ఆ కాలమంతా ఇది ఇక్కడ, రెండు గంటల బస్సు దూరంలో, ఇంకా దగ్గు రాకుండా ఆడుకుంటూ ఉంది.

"మాత్రలివ్వండి," అంది.

అతను మాత్రలిచ్చాడు. ఏ పూటకి ఏదో రాసిన కాగితమిచ్చాడు. ఆమె కుక్కని బుట్టలో పెట్టుకుని బస్సెక్కింది. అది కిటికీలోంచి షాపు వైపు చూస్తూ దగ్గింది. షానవాజ్ రోడ్డు దాటి వెళ్ళలేదు. వెళ్తే దానికి మళ్ళీ ఆయాసం వస్తుంది.

మూడు వారాలు అంకె రాలేదు. గిన్నె ఖాళీగా ఉండటం చూసి రోషన్ బీ కొడుకుని ఏమీ అడగలేదు. ఒకసారి మాత్రం, తప్పు చేసినవాడు అన్నం మానేస్తే తప్పు తరగదని చెప్పి, పళ్ళెం ముందుకి జరిపింది.

జనవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఫర్హత్ నుంచి ఒకే అంకె. 44.

షానవాజ్ విప్పిన మోటారు విప్పినట్టే వదిలేసి బండి తీశాడు. మైలవరం మీదుగా రెండు గంటల దారి, గంటన్నరలో వెళ్ళాడు. అప్పటికే ఆమె దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఊపిరితిత్తుల నిండా నీరు. ఇంజెక్షన్ ఇచ్చారు. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టారు. డాక్టరు దాచకుండా చెప్పాడు. ఇంకో పది రోజులు గడిస్తే గొప్ప, నిద్రపోనివ్వండి, దగ్గర ఉండండి అన్నాడు.

ఫర్హత్‌కి సెలవు దొరకలేదు. ఆమె డ్యూటీకి వెళ్ళే వేళకి షానవాజ్ తిరువూరు నుంచి వచ్చేవాడు. ఇంటి ఓనరమ్మ అనుమానంగా చూస్తుంటే, తలుపు బార్లా తెరిచి పెట్టుకుని, కుక్క పక్కన కూర్చుని ఊపిర్లు లెక్కపెట్టేవాడు. ఆమె రాగానే అంకె చెప్పి లేచి వెళ్ళిపోయేవాడు. క్షమించమని అడగలేదు. ఆమె కూడా ఆ ఊసెత్తలేదు. నాలుగో రోజున మాత్రం అతని కోసం టీ పెట్టి గ్లాసు గట్టు మీద ఉంచింది.

తొమ్మిదో రోజు పన్నెండున్నరకి కుక్క ఊపిరిలో తేడా వచ్చింది. అంకె పెరగలేదు, తగ్గింది. మధ్య మధ్య ఆగుతోంది. తన భ్రమేమో అనుకున్నాడు. ఉత్తపుణ్యానికి ఆమెని డ్యూటీలోంచి లాగుతున్నానేమో అనుకున్నాడు. అయినా ఫోన్ చేశాడు.

"వచ్చెయ్యండి. కాకపోతే నన్ను తిట్టండి. ఇప్పుడు మీరిక్కడ ఉండాలి."

ఫర్హత్ తెల్లకోటు విప్పకుండానే ఆటో ఎక్కి వచ్చింది. మిస్రీని ఒళ్ళోకి తీసుకుంది. అది ఆమె మణికట్టు ఒక్కసారి నాకింది. లేచి సంతోషపడే ఓపిక దానికి లేదు. తండ్రి ఆసుపత్రి మంచం మీద ఏమేం అన్నాడో, ఆమె దాని చెవిలో మెల్లగా చెప్పింది. మూడు కాకముందే అది వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో పాతిపెట్టడానికి జానెడు మట్టి లేదు. షానవాజ్ రెడ్డిగూడెంలో తనకి తెలిసిన రైతు బసవపున్నయ్యకి ఫోన్ చేశాడు. ఆయన మామిడి తోటలో మోటార్లన్నీ ఇతనే చూస్తాడు. చిన్నదే కదయ్యా, చోటెంత పడుతుంది, తీసుకురా అన్నాడాయన. పొద్దు వాలకముందే పూతకొచ్చిన చెట్టు కింద గొయ్యి తీసి ఉంచాడు. ఫర్హత్ మొదటి పిడికిలి మట్టి వేసింది. షానవాజ్ తనకి ఆ హక్కు ఉందో లేదో తెలియక దూరంగా నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి, రమ్మన్నట్టు పక్కకి జరిగింది.

మైలవరంలో ఆమెని బస్సెక్కించాడు. ఇద్దరూ జాగ్రత్త అనుకున్నారు. ఇంకేం అనుకోవాలో తెలియలేదు.

తర్వాతి ఆదివారాలు ఊరికే వచ్చి వెళ్ళాయి. విజయవాడ బస్సు చప్పుడుకి తలెత్తకూడదని షానవాజ్ గట్టిగా అనుకునేవాడు. ప్రతిసారీ ఎత్తేవాడు.

ఫిబ్రవరిలో మూడో ఆదివారం, మబ్బుపట్టిన పొద్దున, ఫర్హత్ బస్సు దిగి షాపు ముందుకొచ్చి నిలబడింది. చేతిలో సంచి లేదు.

అతను లేచాడు. ఏదన్నా పనిమీద వచ్చారా అని అడిగాడు.

"బస్సెక్కేదాకా ఏం ఆలోచించలేదు. మైలవరం దాటాక గుర్తొచ్చింది, తిరువూరులో నాకిక పనేం లేదని. దిగి వెనక్కి పోదామనుకున్నా."

"మరి?"

"దిగబుద్ధి కాలేదు." ఆమె నేల చూపులు చూస్తూ అంది. "నా కోపం పోలేదండీ. పోతుందని కూడా చెప్పలేను. ఆ పద్నాలుగు నెలలు ఎప్పుడో ఒకప్పుడు గుర్తొస్తాయి. అప్పుడు మీతో రెండు రోజులు మాట్లాడను. ఒక్కోసారి వారం."

ఆమె చెబుతోంది ఇద్దరూ కలిసి ఉండబోయే ఇంటి గురించని షానవాజ్‌కి నెమ్మదిగా అర్థమైంది.

"వారం తర్వాత మాట్లాడతారా?"

"మాట్లాడతాను."

"నాకది చాలు." చేతికంటిన వార్నిష్ గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు. "మీరంటే నాకు ఇష్టమండీ. అది బతికున్నప్పుడే చెప్పాల్సింది. అప్పుడు చెబితే, దాన్ని ఉంచేసుకోడానికి చెబుతున్నాననుకుంటారని భయమేసింది."

గడప అవతల రోషన్ బీ ఎప్పుడొచ్చి నిలబడిందో ఇద్దరూ చూడలేదు. ఆవిడ కొడుకు మొహం చూడలేదు. ఫర్హత్‌నే చూసి, మీ వైపు పెద్దవాళ్ళెవరున్నారమ్మా అని అడిగింది.

నందిగామలో ఖాలా, ఖాలూ, అంటే పిన్నీ బాబాయీ, ఉన్నారని ఫర్హత్ చెప్పింది. అడగాల్సిన మనిషి లేడన్న సంగతి ముగ్గురికీ ఒకేసారి తోచింది. రోషన్ బీ గడప దాటి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నందిగామ ఎంత దూరమని. శుక్రవారం నమాజయ్యాక బయల్దేరి మేమే వెళ్ళి అడుగుతాం."

ఫర్హత్ కళ్ళు తుడుచుకుంది. బయట చినుకు మొదలైంది.

"శుక్రవారం నాకు డ్యూటీ ఉంది ఖాలా," అంది. "శనివారం పెట్టుకోండి. నేను కూడా అక్కడ ఉండాలి."