ఇంకా బలమైన మాట కావాలి

పటాన్‌చెరు బస్టాండు ఎదుట ఏజెంట్ పదిహేడును ఎవరో చంపేసిన క్షణంలో విశ్వేశ్వర్ పక్క హోటల్లో కూర్చుని ఉస్మానియా బిస్కెట్టును చాయ్‌లో ముంచుతున్నాడు. జనంలోంచి ఎవడో నీలం మూత పెన్నుతో పదిహేడు మెడ మీద సుతారంగా పొడిచి వెళ్లిపోయాడు. పదిహేడు రెండడుగులు వేసి, పల్లీల బండికి ఆనుకుని, కునుకు పట్టినవాడిలా జారిపోయాడు. సరిగ్గా అప్పుడే బిస్కెట్టు కూడా విరిగి చాయ్‌లోకి జారిపోయింది. విశ్వేశ్వర్ రెండింటినీ ఒకే చూపు చూశాడు.

అతనిది రాతి గుండె అనుకోకండి. పంతొమ్మిదేళ్ల గూఢచర్యంలో ముప్పై నాలుగు పేర్లు, పదకొండు మీసాలు మార్చాడు. ఒకసారి జిన్నారం దగ్గర మొసలి కడుపులో దాక్కుని నాలుగు గంటలు రేడియో విన్నాడని డిపార్ట్‌మెంటులో చెప్పుకుంటారు. జిన్నారంలో మొసళ్లెక్కడివని అడిగినవాడు ఇంతవరకూ లేడు. ఇన్ని చేశాక ఆరేళ్ల క్రితం ఒక ఉదయం లేచి చూసుకుంటే లోపల ఏమీ అనిపించడం లేదు. అప్పట్నుంచీ అదే తీరు.

నాడి చూస్తున్నట్టు వంగి, శవం జేబులోంచి మడత కాగితం తీశాడు. ఎవరిదో రెజ్యూమే. అడుగున పెన్సిల్‌తో రెండు మాటలు: ఎల్లుండి. సత్తయ్య.

అక్కణ్నుంచి నేరుగా సంగారెడ్డి గంజి మార్కెట్‌లో మూడు తరాలుగా కందులు, పెసలు కొనే దుకాణానికి వెళ్లాడు. గద్దె మీద కూర్చున్న రుక్మిణిగారు డిపార్ట్‌మెంటుకు దక్షిణాది చీఫ్ అన్న సంగతి ఆమె భర్తకు కూడా తెలియదు.

“పోయినేటి కందులున్నయా?” అడిగాడు విశ్వేశ్వర్.

“ఉన్నయి. పురుగు పట్టినయి. లోపటికొచ్చి చూసుకో.”

గోనె సంచుల వెనక గదిలో స్క్రీన్ వెలిగింది.

“పదిహేడు పోయిండు మేడమ్.”

“ఎరుకే. నీకేమన్న అయిందా?”

“దెబ్బ తగల్లేదు.”

“దెబ్బ కాదయ్యా, మనసు గురించి అడుగుతున్న.”

“దానిగ్గూడ ఏం తగల్లేదు.”

రుక్మిణిగారు అతన్ని ఒక్క క్షణం చూసి, బ్రీఫింగ్‌లోకి దిగారు.

“త్రినేత్ర రెజిన్స్. ఇస్నాపూర్ దాటినంక చిన్న ఫ్యాక్టరీ. రాకెట్ ముక్కుకు పూసే జిగురు అక్కడ ఒక్కకాడనే వండుతరు. బ్లూ హెరాన్ అని విదేశీ ముఠా, ఫార్ములా ఎత్తుకపోయింది. డ్రాయింగులు ఎత్తుకపోయింది. వాళ్ల దేశంల ఆరు సార్లు వండిండ్రు. ఆరు సార్లు కెటిల్లనే, గా వండే పెద్ద గిన్నెలనే, రాయి అయి కూసున్నది.”

“ఏం తక్కువైంది?”

“సత్తయ్య తక్కువైండు. ఇరవై ఎనిమిదేండ్ల సంది కెటిల్ ఆపరేటర్. మాల్ గట్టిపడే టైముకు ఆయన ఏదో చేస్తడు. అదేందో ఏ కాగితంల లేదు.”

ముఠా లాగ్‌బుక్కులను కూడా వదల్లేదు. వాటిలో గంటకో గడి ఉంటుంది. గేటు దగ్గర షిఫ్టు బస్సు హారన్ కొడుతుంటే, ఎనిమిది గంటల గళ్లనూ ఒక్క ఊపులో నింపి పరుగెత్తడం అక్కడివాళ్ల ఆనవాయితీ. ఇరవై ఎనిమిదేళ్ల పుస్తకాల్లో ప్రతి గడిలోనూ ఒకే మాట ఉంది: నార్మల్. ఏడుగురు విదేశీ నిపుణులు అది సంకేత భాష అనుకుని, విప్పడానికి మూడు నెలలు తలలు బాదుకున్నారు. అందులో ఒకాయన ఇప్పటికీ ఎవరు పలకరించినా “నార్మల్” అనే అంటాడట.

“అందుకే కొత్త వల ఏసిండ్రు,” అన్నారు రుక్మిణిగారు. “దమ్‌దార్ రెజ్యూమే అని ఒక ఏఐ. జాబ్ మేళాలల్ల ఉత్తగనే పెడుతుండ్రు. నువ్వు ‘చేసిన’ అంటే అది ‘సాధించిన’ అని రాస్తది. ఇంకా బలమైన మాట కావాలంటే ఇంకా వివరం చెప్పుమంటది. ఏ మిషను, ఎంత వేడి, నీ చెయ్యి పడ్డదెక్కడ? మనిషి తన గొప్ప చెప్పుకుంటున్న అనుకుంటడు, గుట్టంత ఇప్పుతడు. సత్తయ్య కాంట్రాక్టు నెలాఖరుకు ఖతం. ఎల్లుండి పొద్దుగాల మేళాకు వస్తుండు.”

“ఆయనను ఇంట్లనే ఆపితే?”

“ఇంకొకల్ని పడతరు. మనకు వాళ్ల అడ్డా కావాలె. మాట పోయేటప్పుడు లైన్ తెరుచుకుంటది, అప్పుడు అడ్రస్ పట్టాలె. కాని సత్తయ్య మాట మాత్రం సరిహద్దు దాటద్దు.”

ఆమె మూడు గిన్నెల టిఫిన్ ముందుకు జరిపారు. పై గిన్నె అడ్రస్ పసిగడుతుంది. కింది గిన్నె దారిలోనే మాటలను నమిలేస్తుంది.

“నడిమి గిన్నె?”

“పులిహోర పెట్టుకో. అనుమానం రాదు.” ఆమె స్క్రీన్ మీద ఒక యువతి ఫోటో చూపించారు. “అనూహ్య. మేళాల కౌంటర్ ఈమెదే. ముఠాల మన మనిషి. మన దగ్గర ముఠా మనిషి.”

“అసలు ఎవరి మనిషి?”

“రెండు దిక్కుల రిపోర్టులు టైముకిస్తది. అంతకుమించి నాకు తెల్వది. ఒక్క ముక్క చెప్పింది: పోయే క్షణంల స్క్రీన్ మీది పెట్టెల ఏ మాట ఉంటే గదే పోతది. ముందటిది ఎక్కడ నిలువది.”

మూడో రోజు పది గంటలకు ఇస్నాపూర్ ఫంక్షన్ హాలు ఫిట్టర్లు, వెల్డర్లు, బీహార్ నుంచి వచ్చిన ప్యాకింగ్ కుర్రాళ్లతో కిటకిటలాడుతోంది. విశ్వేశ్వర్ నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని, మెడలో ‘హెల్ప్ డెస్క్’ కార్డు వేసుకున్నాడు. కౌంటర్‌లో అనూహ్య నీలం జార్జెట్ చీరలో మెరిసిపోతోంది. ఆమె ఒకసారి నవ్విందంటే చాలు, క్యూలో ఉన్నవాళ్లు తమ అనుభవాన్ని రెండేళ్లు పెంచి చెబుతున్నారు.

“వైఫై వస్తుందా మేడమ్?”

“వానొస్తే పోతది,” అంది ఆమె తలెత్తకుండా. సంకేతం సరిపోయింది. ఆమె వెనక సెక్యూరిటీ యూనిఫాంలో నిలబడ్డవాడి జేబులో నీలం మూత పెన్ను ఉంది.

విశ్వేశ్వర్ పక్కకు పోయి టిఫిన్ విప్పాడు. కింది గిన్నె అద్దంలా తళతళలాడుతోంది. మరీ అంత తళతళలాడకూడదు. అద్దె గది ఓనరు రాధమ్మకు ఫోన్ కొట్టాడు.

“పెద్దమ్మా, కింది గిన్నె నువ్వేమన్న...”

“అవ్ బిడ్డా! అడుగంత నల్లగ మాడి ఉండె. పీచు పెట్టి మూడు దఫాలు తోమిన. పచ్చగ ఒక బిళ్ల అంటుకోని ఉండె, గీకి పారేసిన. ఒంటిగాడివి, గిన్నెలు గిట్ల పెట్టుకుంటరా?”

“మంచిది పెద్దమ్మా.”

దేశ రక్షణ శాఖ తొమ్మిదేళ్లు శ్రమించి కనిపెట్టిన ఆ బిళ్ల ఈపాటికి మురుగు మోరీలో పడి ఉంటుంది. విశ్వేశ్వర్‌కు కంగారు పడాలని తెలుసు. పడలేకపోయాడు. ఇక చేసేదేమీ లేక, నడిమి గిన్నెలోంచి రెండు ముద్దల పులిహోర తిన్నాడు.

పదకొండింటికి సత్తయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతుల మీద పాత కాలిన మచ్చలు. అనూహ్య మైకు ఆయన వైపు తిప్పింది.

“ఏం పని చేస్తవు కాకా?”

“ఏమున్నది బిడ్డా, వాల్వు తిప్పుడే.”

స్క్రీన్ మీది పెట్టెలో ఆ మాటలే పడ్డాయి. కింద మెషీన్ అడిగింది: ఇంకా బలమైన మాట కావాలి. మీ ప్రత్యేకత ఏమిటి?

విశ్వేశ్వర్ చదివి వినిపించాడు.

“నా ప్రత్యేకతనా? టైముకు బస్సెక్కుత.”

క్యూలోంచి ఎవడో అరిచాడు: “జల్దీ కానియ్ కాకా! నీకేమన్న కలెక్టర్ కొలువా?”

“నువ్వు ముయ్‌రా. నన్ను మిషన్ అడుగుతుంటే నీకెందుకు?”

మెషీన్ మళ్లీ అడిగింది: మీరు లేకపోతే ఏమవుతుంది?

ఇరవై ఎనిమిదేళ్లలో ఈ మాట సత్తయ్యను మేనేజర్ అడగలేదు, కాంట్రాక్టర్ అడగలేదు, ఇంట్లో భార్య ముత్యమ్మ అడగలేదు. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. గొంతు మారింది.

“నేను లేకుంటే మాల్ రాయైతది. మీటరు అబద్ధం చెప్తది బిడ్డా. ఆవిరి కాలిన బెల్లం వాసన రాంగనే నేను మీటరు దిక్కు చూడ. మోచెయ్యి పైపుకు ఆనిస్త. జివ్వుమన్నదంటే వాల్వు ముప్పావు చుట్టు ఎనకకు తిప్పి, స్టిర్రర్ బంద్ చేసి, పదకొండు ఊపిర్లు లెక్కపెడత. మల్ల స్టార్ట్ చేస్త. గంతే. గది నాకొక్కనికే ఎరుక.”

మొత్తం పెట్టెలో పడింది. ఆరు కెటిళ్లు రాయి చేసుకున్న దేశానికి కావలసింది ఆ నాలుగు ముక్కలే. మూలన ఎర్ర అంకెలు తిరగడం మొదలుపెట్టాయి. పది సెకన్లలో దానంతటదే పోతుంది.

విశ్వేశ్వర్ వీపుకు పెన్ను మొన తగిలింది. “చేతులు వెనక్కి పెట్టు, హెల్ప్ డెస్క్,” అని సెక్యూరిటీవాడు చెవిలో అన్నాడు.

తొమ్మిది. ఎనిమిది. స్క్రీన్ మీద రెండు బటన్లున్నాయి: ‘పంపు’, ‘ఇంకా బలంగా’. విశ్వేశ్వర్‌కు ఎక్కడో లోపల, పన్ను పీకించుకున్నాక మత్తు దిగేటప్పుడు పట్టే తిమ్మిరి లాంటిది మొదలైంది. వేలు చాచి రెండో బటన్ నొక్కాడు.

పెట్టెలో అక్షరాలు మారాయి: వాసన, స్పర్శ ఆధారంగా వాల్వును ముప్పావు చుట్టు నియంత్రించడంలో నిపుణులు.

“ఏంది చేస్తున్నవ్?” పెన్ను మొన చొక్కాను గుచ్చింది.

“బలం చాలలే సార్. పెద్దాయన ఉద్యోగం సంగతి.”

ఆరు. మళ్లీ నొక్కాడు: ఇంద్రియ ఆధారిత ప్రాసెస్ కంట్రోల్‌లో అసాధారణ ప్రతిభ.

నాలుగు. అనూహ్య స్క్రీన్ చూసింది. విశ్వేశ్వర్‌ను చూసింది. ఎర్రటి గోరుతో తానే మూడోసారి నొక్కింది.

పెట్టెలో మిగిలింది ఇదీ: వ్యూహాత్మక దృక్పథంతో, క్రాస్-ఫంక్షనల్ ఎక్సలెన్స్ దిశగా, విలువల ఆధారిత పరివర్తనకు సారథ్యం వహించిన రిజల్ట్-ఓరియెంటెడ్ డైనమిక్ లీడర్.

అందులో వాసన లేదు, మోచెయ్యి లేదు, వాల్వు లేదు. చెప్పాలంటే అసలేమీ లేదు. ఎర్ర అంకె సున్నా అయింది. పోయింది.

పెన్ను దిగేలోపు అనూహ్య చీర కొంగు చుట్టి వాడి మణికట్టు విరిచేసింది. పై గిన్నె ‘టింగ్’మంది. అడ్రస్ తెల్లాపూర్‌లో ఒక టవర్, పద్నాలుగో అంతస్తు. అరగంటలో బ్లూ హెరాన్ మొత్తం లిఫ్టులోనే దొరికింది. కరెంటు పోయి మధ్యలో ఆగిందట.

“ఇంతకూ ఎవరి మనిషివి?” అడిగాడు విశ్వేశ్వర్.

“నా రెజ్యూమే కూడ ఎవరన్న జెర చూస్తే బాగుండు,” అంది అనూహ్య జడ సర్దుకుంటూ. “రెండు కొలువులు ఒక్క పేజీల పడుతలేవు.”

సత్తయ్యకు ఆ పేజీతోనే కొండాపూర్ దారిలో కొత్త ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. రెండు నెలల తర్వాత విశ్వేశ్వర్‌కు ఫోన్ చేశాడు.

“సారూ, ఏం రాసిండ్రు గాని, నన్ను ఏసీ రూంల కూసోబెట్టిండ్రు! పొద్దంత మీటింగులే. కెటిల్ దిక్కు పోతానంటే ‘లీడర్లు షెడ్డుకు రావద్దు’ అంటుండ్రు. మోచెయ్యి తిమ్మిరెక్కింది సారూ. జెర బలం తగ్గించి ఇంకో కాగితం కొట్టియ్యుండ్రి.”

విశ్వేశ్వర్‌కు నవ్వొచ్చింది. అది నవ్వేనని గుర్తుపట్టడానికి అతనికి కాసేపు పట్టింది. ఫోన్‌లో ముఠాకు సంబంధం లేని ఒక మామూలు ఏఐని తెరిచి అడిగాడు: ఈ రెజ్యూమేను కాస్త బలహీనంగా మార్చు.

జవాబు వెంటనే వచ్చింది: తప్పకుండా! మీ బలహీనతలను ఎంత శక్తిమంతంగా చెప్పమంటారు?